మా అత్త అడ్రినల్ గ్రంథి

మా అత్తకు సాక్ష్యం చెప్పడమంటే ప్రాణం. ఉదయగిరిలో మా చర్చివాళ్ళు ఉపవాస ప్రార్థనలు పెడితే, చివరి రోజు లేచి దేవుడు చేసిన మేలొకటి చెప్పకపోతే ఆమెకు నిద్ర పట్టదు. ఆ ఏడాది మోకాళ్ళ నొప్పులు పోయాయని చెప్పాలనుకుంది. బిళ్ళలు మింగుతూ చెబితే అది దేవుడి మేలు ఎట్లా అవుతుందని, మొదటి రోజే వాటిని మానేసింది. మాకెవరికీ చెప్పలేదు.

అవి మందుల షాపులో చీటీ లేకుండా తెచ్చుకునే స్టెరాయిడ్ బిళ్ళలు. ఏళ్ళ తరబడి వాడింది. ముఖం ఉబ్బితే బలం పట్టిందని మురిసిపోయేది. నేనెంత అరిచినా చెవికెక్కలేదు.

ప్రార్థనలు ముగియకముందే వాంతులతో మంచాన పడింది. కార్లో ఆత్మకూరు ఆసుపత్రికి తీసుకుపోయాం. బీపీ పడిపోయింది. ఏం మందులు వాడుతున్నావమ్మా అని డాక్టరు అడిగితే, "ఏం లేవు సార్" అంది.

నాకు ఒళ్ళు మండింది. "ఆ నొప్పుల బిళ్ళలేమైనాయి అత్తా?"

"దేవుడి మీద భారమేసి మానేసినా మే."

 నేను జూనియర్ కాలేజీలో జువాలజీ చెబుతాను. చదువుకునే రోజుల్లో మైక్రోస్కోపు కింద చూసిన రెండు స్లయిడ్లు కళ్ళ ముందుకొచ్చాయి. మూత్రపిండాల మీదుండే అడ్రినల్ గ్రంథే ఒంటికి కావలసిన స్టెరాయిడ్ హార్మోను తయారుచేసి బీపీని నిలబెడుతుంది. మామూలు ఎలుకలో ఆ గ్రంథి పై పొర కణాలు కొవ్వు బొట్లతో నిండుగా, బారులు తీరి ఉన్నాయి. స్టెరాయిడ్ ఇచ్చిన ఎలుకలో ఆ పొర పలచబడి, కణాలు ముడుచుకుపోయాయి. బిళ్ళల సంగతంతా చెప్పగానే డాక్టరు స్టెరాయిడ్ సూది మందు ఎక్కించారు. మర్నాటికి అత్త లేచి కూర్చుని కాఫీ అడిగింది. నేను ఏడ్చేశాను.

డాక్టరు మళ్ళీ బిళ్ళలే రాసిస్తే, ఎందుకని పేచీ పెట్టింది.

"నేను కాపురానికొచ్చినాక నువ్వు వంటింట్లోకి రావడం మానేసినావు గదా! నీ గ్రంథీ అంతే. బిళ్ళ వచ్చినాక పని మానేసింది. మందు కొంచెం కొంచెం తగ్గిస్తే, అదే మళ్ళీ పనిలోకొస్తాది."

"సందు దొరికితే నన్నే అంటావే!" అని నవ్వింది.

నెలల తరబడి డాక్టరు చెప్పినట్టే తగ్గించాం. ఉదయం తీసిన రక్తంలో ఆమె సొంత హార్మోను సరిపడా ఉందని తెలిసిన రోజు, కాలేజీ వరండాలోనే కేక పెట్టాను. ముడుచుకుపోయిన ఆ కణాలు మళ్ళీ పని అందుకున్నాయి. గెలిచాం!

మరుసటి ఏడు ప్రార్థనల చివరి రోజు అత్త కర్ర పట్టుకుని లేచింది. "మోకాళ్ళు ఇంకా నొస్తానే ఉండాయి. అయితే నా లోపల ఒక గ్రంథి ఉండాది. అది పడకేస్తే దేవుడు లేపినాడు. ఈ బిళ్ళలు మింగేవాళ్ళు ఉన్నట్టుండి మానబాకండి, డాక్టరు దగ్గరికి పోండి."

ప్రార్థన అయ్యాక ఆడవాళ్ళు తమ బిళ్ళలు చూపిస్తూ ఆమె చుట్టూ మూగారు.

"నాకేం తెలుసు? మా కోడల్ని అడగండి. నన్ను బతికించింది ఆమే" అంది అత్త, చర్చి అంతా వినేలా.