ఉడికిన కార్జం

ఇబ్రహీంపట్నం చుట్టూ చేలల్లో ప్లాట్ల రాళ్లు మొలుస్తున్న రోజులవి. కాటలేజ్ అనే ఎంజైమ్‌ను చూపిస్తానని, మేక కార్జం తెమ్మని మా జువాలజీ మేడమ్ నాకు చెప్పారు. "మేడమ్‌కు పచ్చిది పంపుతమా, ఇజ్జత్ పోదా?" అని అమ్మ ఉప్పు, పసుపు వేసి ఉడికించి డబ్బాలో పెట్టి పంపింది.

మేడమ్ ఒక ముక్క మీద హైడ్రోజన్ పెరాక్సైడ్ పోశారు. నురగ రావాల్సింది, ఉలుకూ పలుకూ లేదు. క్లాసంతా నవ్వింది. నాకు ఒళ్లు మండింది. ఆవిడ మాత్రం పక్క దుకాణం నుంచి పచ్చి ముక్క తెప్పించి పోశారు. బుస్సున నురగ పొంగింది.

"ఒంట్ల పుట్టే గీ పెరాక్సైడ్ విషాన్ని నీళ్లుగ, ఆక్సిజన్‌గ విడగొట్టేది కాటలేజే. ఉడికితే ఆ ప్రోటీన్ మడతలు విడిపోతయ్, పని బంద్. వీళ్లమ్మ ఉడకబెట్టకుంటే గిది మీకెట్ల తెలుస్తుండె?" అన్నారు.

తర్వాత డబ్బాలో మిగిలిన ముక్క నోట్లో వేసుకుని, "ఉప్పు మంచిగ పట్టిందని మీ అమ్మకు చెప్పు" అన్నారు.