మెర్వ్ టక్వెల్ దొంగ ఈత

మా కల్లూంబా తీరంలో మెర్వ్ టక్వెల్‌ని మించిన కోతలరాయుడు లేడు. ముప్పై ఒక్క ఏళ్లు స్కూలు బస్సు నడిపాడు. ఆ బస్సులో కూర్చున్న ప్రతి పిల్లకీ, పిల్లాడికీ తనను సొరచేప ఎలా తరిమిందో చెప్పాడు. చెప్పిన ప్రతిసారీ ఆ చేప ఓ అడుగు పెరిగేది. అతను రిటైరయ్యే నాటికి అది బస్సంత అయింది. ఇప్పుడతనికి డెబ్భై రెండేళ్లు. నోటికి మాత్రం రిటైర్మెంటు రాలేదు.

భార్య డాఫ్నీ అతనికి పూర్తిగా భిన్నం. తక్కువ మాట్లాడుతుంది, మాట్లాడితే తగులుతుంది. పంతొమ్మిదేళ్లుగా పరదేశాల నుంచి చదువుకోడానికి వచ్చే పిల్లల్ని ఏడాదికి ఇద్దరు చొప్పున ఇంట్లో పెట్టుకుంటోంది. శుక్రవారం సాయంత్రానికల్లా ఫ్రిజ్ తలుపు మీద ఓ కాగితం అంటిస్తుంది. శనివారం ఏడింటికి ఇది, పదకొండింటికి అది, రెండింటికి ఇంకోటి. పిల్లలు కాస్త పడుకుంటామంటే, పడుకోడానికైతే మీ దేశంలో మంచాల్లేవా అంటుంది. ఆ ఇంట్లో ఉండి వెళ్లిన పిల్లలు సైన్యంలో చేరినా వాళ్లకి సుఖంగానే ఉంటుంది.

నా పేరు నోలా. బీచ్ రోడ్డు మీద చేపలు, బంగాళాదుంపలు వేయించి అమ్మే కొట్టు నాదే. దానికి తోడు మా చలికాలపు ఈతల క్లబ్బులో టైం రాసే పుస్తకం కూడా నా చేతిలోనే ఉంటుంది. భూమికి ఈ దక్షిణపు కొసన మాకు మే నుంచి సెప్టెంబర్ దాకా చలి; అన్నాళ్లూ ప్రతి ఆదివారం తొమ్మిదింటికి, సముద్రం పక్కన రాతిలో తొలిచిన కొలనులో అందరూ దూకాలి. ఈ కొస నుంచి ఆ కొసకి ఒక్కసారి, యాభై మీటర్లు. చలికాలమంతా ఎవరు ఎన్ని సెకన్లలో ఈదారో నేను రాసి, సగటు కడతాను. చివరి ఆదివారం పెద్ద పందెం. సగటు ఎక్కువున్నవాళ్లు, అంటే మెల్లగా ఈదేవాళ్లు, ముందు దూకుతారు. వేగం ఉన్నవాళ్లు ఆ తేడా ఎంతో అన్ని సెకన్లు ఆగి దూకుతారు. ఎవరు ముందు గోడ తాకితే వాళ్లది గెలుపు. బహుమతి గడ్డకట్టించిన గొర్రె తొడ ఒకటి, క్లబ్బు గోడ మీద చెక్కబోర్డులో బంగారు అక్షరాల పేరు.

ఇందులో కిటుకు మూడేళ్ల పిల్లకైనా అర్థమవుతుంది. చలికాలమంతా కావాలని మెల్లగా ఈది, చివరి రోజు అసలు ఈత బయటికి తీస్తే సరి. దాన్ని మేం దొంగ ఈత అంటాం. ఏ ఆదివారమైనా కావాలని మెల్లగా ఈదినట్టు తేలితే గెలుపు రద్దు. కానీ దొరకడం కష్టం. మాది దొంగలంతా కలిసి పెట్టుకున్న క్లబ్బు, పోలీసు ఎక్కణ్ణుంచి వస్తాడు?

ఆ బోర్డు మీద డాఫ్నీ పేరు మూడుసార్లుంది. మెర్వ్ పేరు ఒక్కసారి కూడా లేదు. ఇరవై రెండు చలికాలాలు ఈదాడు, ఒకసారి రెండో స్థానం. బోర్డుకి ఎదురుగా ఉన్న బల్ల దగ్గర మాత్రం ఎప్పుడూ కూర్చోడు. వెలుతురు కళ్లలో పడుతుందట. ఆ గదికి అటువైపు కిటికీయే లేదు.

ఈ ఏడు జూన్‌లో మా కొట్టుకొచ్చి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించాడు.

"నోలా, నీ ఒక్కదానికే చెప్తున్నా. ఈసారి దొంగ ఈత ఈదుతున్నా. నా అసలు టైం యాభై నాలుగు. నీ పుస్తకంలో అరవై పడేట్టు చూసుకుంటున్నా. చివర్రోజు చూడు, నా తమాషా."

నా ఒక్కదానికే చెప్పిన ఆ రహస్యాన్ని పబ్బులో ఇంకో తొమ్మిదిమందికి కూడా ఒక్కొక్కరికే చెప్పాడని తర్వాత తెలిసింది. ప్లంబర్ నెవిల్‌కైతే రెండుసార్లు చెప్పాడు. ఊరంతా ఆ చివరి ఆదివారం కోసం ఎదురుచూసింది. అతను యాభై నాలుగులో గోడ తాకగానే దొంగా దొంగా అని అరవాలని అందరూ గొంతులు సవరించుకుని ఉన్నారు. మెర్వ్‌కి బోర్డు మీద పేరు కావాలి. మాకు అతన్ని పట్టుకునే సరదా కావాలి.

ఈ ఏడాది డాఫ్నీ ఇంట్లో ఉన్న పిల్లలు టూవా, రెంజో. టూవా నార్వే పిల్ల, పదహారేళ్లు. కళ్లకి కనిపించింది కనిపించినట్టు చెప్పేస్తుంది, మధ్యలో జల్లెడ లేదు. రెంజో పెరూలో కొండల మీది ఊరివాడు. ఇక్కడికి రాకముందు సముద్రాన్ని రెండుసార్లు చూశాడట, రెండుసార్లూ బస్సు కిటికీలోంచే.

పెద్ద పందేనికి ముందురోజు, శనివారం, ఫ్రిజ్ మీది కాగితంలో ఏడింటికి అలల మీద సర్ఫింగ్ పలక ఆట, పదకొండింటికి కొండకొమ్ము ఎక్కడం, రెండింటికి ఉప్పుటేరులో పడవ నడపడం అని ఉంది. డాఫ్నీ మోకాలు పట్టేసి ఇంట్లో ఉండిపోయింది. కాబట్టి పిల్లల్ని తిప్పే పని మెర్వ్ మీద పడింది. మర్నాడే పందెం కదా, నువ్వు పడుకో, పిల్లల్ని నేను చూసుకుంటానని నెవిల్ అన్నాడు. సొరచేప తరిమితే ఈదినవాడికి ఇద్దరు పిల్లలొక లెక్కా అన్నాడు మెర్వ్.

పొద్దున రెంజో ఈత దుస్తు ముందుది వెనక్కీ వెనకది ముందుకీ వేసుకుని ఒడ్డుకొచ్చాడు. అందరూ ఫోటోలు తీసుకునేదాకా మెర్వ్ ఆ సంగతి చెప్పలేదు. వాడు పలక మీద నిలబడ్డప్పుడు పది సెకన్లు అని మెర్వ్ చప్పట్లు కొడితే, టూవా రెండు అని సరిచేసింది. కొండకొమ్ము ఎక్కాక, కుర్రాడిగా ఉన్నప్పుడు ఇక్కణ్ణుంచి కిందికి దూకేవాణ్ణని మెర్వ్ చెబితే, కింద నీళ్లు లేవు కదా, రాళ్లే ఉన్నాయి అంది.

నాలుగింటికి ముగ్గురూ నా కొట్టుకొచ్చారు. కారు ఆగింది. పిల్లలు దిగి వచ్చేశారు. మెర్వ్ మాత్రం స్టీరింగు పట్టుకుని కాసేపు అలాగే కూర్చున్నాడు. రేపటి కోసం బలం దాచుకుంటున్నాడు కాబోలని నేను నవ్వుకున్నాను. టూవా ఒక ముక్క నోట్లో వేసుకుని, దుంపలు మెత్తబడ్డాయి అని నాకు చెప్పింది. పద్నాలుగేళ్లుగా ఆ మాట నాకు ఎవరూ చెప్పలేదు. చెప్పొద్దూ, మెత్తబడే ఉన్నాయి.

ఈలోగా మెర్వ్ వచ్చి కూర్చున్నాడు. టూవా అతని వైపు తిరిగింది.

"మెర్వ్, మీరు కావాలని మెల్లగా ఈదుతారని నెవిల్ చెప్పాడు. అది మోసం కదా?"

"మోసం కాదమ్మా. ఓపిక."

"మా ఊళ్లో మోసమే అంటారు."

"మీ ఊళ్లో ఏడాదికి ఆరు నెలలు చీకటి. ఏదేంటో ఎలా కనిపిస్తుంది?" అన్నాడు మెర్వ్. ఆ పిల్ల నవ్వలేదు. రెంజో తన దుంపలు తినేసి ఆ పిల్లవి కూడా తినేశాడు.

ఆదివారం పొద్దున్నే దక్షిణపు చలిగాలి లేచింది. అలలు కొలను గోడ దాటి లోపల పడుతున్నాయి. చలికి పళ్లు టకటకలాడుతుంటే, మా ఊళ్లో ఇవి వేసవి నీళ్లు అని టూవా అందరికీ చెప్పి అందరి శాపనార్థాలూ తింది. సముద్రం వైపు వరసల్లో పడ్డవాళ్లకి అలల దెబ్బ, రాతి వైపు పడ్డవాళ్లకి కాస్త నయం. చీటీలు తీస్తే మెర్వ్‌కి రాతి వైపు చివరి వరస వచ్చింది. అదృష్టం కూడా దొంగలకే అన్నాడు నెవిల్. ఒక్కో వరస చివర గోడ దగ్గర ఒకరు కూర్చుని తాకింది లేనిది చూడాలి. మెర్వ్ వరసకి టూవాని కూర్చోబెట్టాను. అబద్ధం చెప్పదన్న ధీమా.

ముందు డాఫ్నీ దూకింది, పట్టేసిన మోకాలితోనే. ఆరు సెకన్ల తర్వాత మెర్వ్. తర్వాత నెవిల్, మిగతావాళ్లు. సగం దూరంలో ఓ పెద్ద అల గోడ దాటి వచ్చి సముద్రం వైపు వాళ్లనందర్నీ కుప్పగా తోసేసింది. నెవిల్ వేరేవాళ్ల వరసలో తేలి తిట్టడం మొదలెట్టాడు. రాతి వైపు మెర్వ్, అతని పక్కన డాఫ్నీ, వీళ్లిద్దరే తిన్నగా సాగారు. మెర్వ్ చేతులు గిరగిరా తిరుగుతున్నాయి, కాళ్ల వెనక నీళ్లు ఎగజిమ్ముతున్నాయి. చలికాలమంతా అతన్ని అలా చూడలేదు. ఇదిగో, తీశాడు అసలు ఈత అనుకున్నాను. డాఫ్నీకంటే జానెడు ముందు గోడ తాకాడు.

గడియారం నొక్కి చూశాను. అరవై సెకన్లు, పైన రెండు పదోవంతులు.

మళ్లీ చూశాను. రెండో గడియారం రెంజో చేతిలో ఉంది. దాన్లో కూడా అరవయ్యే.

అప్పుడు గోడ వైపు చూశాను. మెర్వ్ నోరు తెరుచుకుని ఉన్నాడు, ఊపిరి అందడం లేదు. గోడ అంచు పట్టుకోబోయిన చెయ్యి జారిపోతోంది. టూవా వంగి అతని మణికట్టు రెండు చేతుల్తో పట్టుకుని ఉంది. తక్కినవాళ్లంతా నెవిల్ తిట్లు విని నవ్వుతున్నారు, అటు చూడలేదు.

అందరూ తువ్వాళ్లు చుట్టుకుని చుట్టూ చేరాక నేను ప్రకటించాను. మెర్వ్ టక్వెల్, అరవై సెకన్లు. పుస్తకంలో ఎంతుందో అంతే. ఏ దోషమూ లేదు, గెలుపు అతనిదే.

చప్పట్లు మొదలై మధ్యలో ఆగిపోయాయి. దొంగా అని అరవడానికి దాచుకున్న గొంతులు ఏం చెయ్యాలో తెలియక నిలబడ్డాయి.

"అదేంటి మెర్వ్, అరవయ్యేనా?" అన్నాడు నెవిల్. "చలికాలమంతా దాచిన ఆ ఆరు సెకన్లూ ఏవీ?"

"దాచుకోడానికి ఉంటే కదా," అంది డాఫ్నీ.

ఆమె ప్రతి ఆదివారం వేసే చురకల్లాంటిదే అది. కానీ ఈసారి అన్నాక తనే ఆగిపోయింది. మెర్వ్ పెదాలు నీలంగా ఉన్నాయి. చలికాలమంతా తను ఆపుకుంటున్నాననే అనుకున్నాడు. ఆపుకోడానికి లోపల ఏమీ మిగల్లేదని, ఆ అరవయ్యే తన మొత్తమని, ఇప్పుడు అందరి ముందూ తడిసి నిలబడి తెలుసుకుంటున్నాడు. అతన్ని పట్టుకోవాలని జూన్ నుంచి కాచుకున్న నేను, పుస్తకం మూసేశాను. నెవిల్ కూడా మొహం తిప్పుకున్నాడు. ఊరంతా వెక్కిరిస్తే బతకొచ్చు, ఊరంతా జాలిపడితే బతకడం కష్టం.

మెర్వ్ గొంతు సవరించుకున్నాడు.

"ఇవాళ కూడా దొంగ ఈతే ఈదాను."

నెవిల్ మళ్లీ అతని వైపు తిరిగాడు.

"నిన్నంతా ఈ పిల్లల్తో ఎగిరి అలిసిపోయా. సగం బలంతోనే గెలుస్తానని తెలుసు. అసలుది తియ్యడం దండగనుకున్నా. చలికాలమంతా దొంగే, ఇవాళా దొంగే. రాసుకో నోలా."

రాసుకుంటే గెలుపు పోతుంది. ఇరవై రెండేళ్ల తర్వాత చేతికొచ్చిన బోర్డు పోతుంది. ఆ మాట అతనికి నేను గుర్తు చెయ్యక్కర్లేదు. పైగా మా క్లబ్బులో ఒప్పుకుంటే చాలదు, చూసినవాళ్లు ఇంకొకరు చెప్పాలి. ఒకప్పుడు తాగి వచ్చి చెయ్యని నేరాలు ఒప్పుకున్నవాళ్లున్నారు మరి. గోడ దగ్గర ఉన్నది టూవా. నాకు అడగాలని లేదు, కానీ అడక్క తప్పలేదు.

"టూవా, నువ్వు దగ్గర్నుంచి చూశావు. ఎలా ఈదాడు?"

ఆ పిల్ల మెర్వ్‌ని చూసింది. మెర్వ్ నేల చూస్తున్నాడు. రెండు రోజులుగా ఊళ్లో ఎవర్నీ వదలకుండా సరిచేసిన పిల్ల అది. నిజం చెబితే గొర్రె తొడ అతనికి, బోర్డు మీద పేరు అతనికి, ముసలితనం కూడా అతనికే.

"మెల్లగా ఈదాడు," అంది. "చాలా మెల్లగా. గోడ దగ్గరికొచ్చి నాతో జోకు కూడా వేశాడు."

"ఏం జోకు?" అన్నాడు నెవిల్.

టూవా కాస్త ఆలోచించింది. అబద్ధాలు అలవాటు లేని పిల్లకి రెండో అబద్ధం కష్టమే.

"నవ్వు రాలేదు. మీ ఊరి జోకులు నాకెప్పుడూ నవ్వు రావు."

అది నూటికి నూరుపాళ్లు నిజమని అందరికీ తెలుసు. దాంతో మొదటి మాట కూడా నిజమైపోయింది. కొలను గట్టు దద్దరిల్లింది. దొంగ, ముసలి దొంగ, సిగ్గులేని దొంగ అని ఇరవైమంది ఒక్కసారి అరిచారు. నెవిల్ మెర్వ్ వీపు మీద ఓ చరుపు చరిచి, కనీసం చివరి రోజైనా ఒళ్లు వంచవేంరా అని తిట్టాడు. అరవైలోనే అందర్నీ గెలిచావంటే నిజంగా ఈదితే మమ్మల్ని సముద్రంలో కలిపేసేవాడివి అన్నాడు ఇంకొకడు. మెర్వ్ మొహంలోకి రంగు వచ్చింది. కింద పడ్డా పైచేయి నాదే అన్నట్టు నిలబడ్డాడు, తువ్వాలు శాలువాలాగా భుజం మీద వేసుకుని.

గెలుపు రద్దు చేశాను. నిబంధన ప్రకారం రెండో స్థానం డాఫ్నీది. బోర్డు మీద నాలుగోసారి ఆమె పేరు. గొర్రె తొడ ఎలాగూ ఆ ఇంటికే వెళ్లింది. ఆమె దాన్ని చంకలో పెట్టుకుని, మొగుడి పక్కనుంచి వెళ్తూ, "మోసగాడా," అంది. అంత మెత్తగా ఆమె ఎవర్నీ తిట్టడం నేనెప్పుడూ వినలేదు.

తర్వాత అందరూ సాసేజీలు కాల్చుకునే పొయ్యి దగ్గరికి వెళ్లిపోయారు. నేను బల్ల దగ్గర పుస్తకం ముగిస్తున్నాను. దొంగ ఈతలో దొరికినవాడికి ఈ ఏటి సగటులో మూడు సెకన్లు తగ్గించి, వచ్చే ఏడు పందెంలో ఆ టైమే లెక్కకట్టాలని మా నిబంధన. యాభై ఏడు అని రాయబోతుంటే మెర్వ్ వచ్చి పక్కన నిలబడ్డాడు. టూవా కూడా రొట్టెలో సాసేజీ పెట్టుకుని అతని వెనకే వచ్చింది.

"మూడేంటి?" అన్నాడు. "నా అసలు టైం యాభై నాలుగు. నీకు ముందే చెప్పా. ఆరు తగ్గించు."

యాభై నాలుగంటే వచ్చే ఏడు పెద్ద పందెంలో అతను దాదాపు అందరికంటే ఆఖర్న దూకాలి. అందరూ ఒళ్లు తుడుచుకుంటుంటే తానొక్కడే ఇంకా నీళ్లలో ఉండాలి. ఆ సంగతి అతనికి తెలుసు, నాకూ తెలుసు. టూవా నమలడం ఆపి, మళ్లీ మొదలెట్టింది.

"ఖాయమేనా, మెర్వ్?"

"రాయి నోలా."

యాభై నాలుగు అని రాశాను.