నేను ఓర్వలేకపోయిన మా యారాలు

మొన్న మంగళారం పొద్దుగాల, ఫస్టు షిఫ్టు బస్సులు పోయినంక, మా యారాలు కాలం చేసింది. పిల్లలకు పప్పు కడుగుకుంట కడుగుకుంట గోడకు ఒరిగి కూసున్నదట, ఇగ లేవలే. నేను ఉరికిపోయేసరికి పక్కింటామె పొయ్యి బంద్ చేసి పిల్లలను అవతలి అర్రలకు తీసుకపోయింది. ఆస్పత్రికి తీసుకపోయే అవసరమే రాలే.

యారాలంటే మా బావ భార్య, నాకు తోడికోడలు. బొంతపల్లి దగ్గరి మా ఊర్ల ఒకే గోడకు ఆమె అటు, నేనిటు, ఇరవై ఏండ్లకు పైనే బతికినం. పోయినోళ్ళ గురించి మంచే చెప్పాలంటరు. మంచే చెప్త. కానీ ఆమె మంచిదని నాకు అందరికన్నా ముందే తెలుసు, అందుకే నాకు కడుపుల మండేది. ఆ సంగతి దాచిపెట్టి రాస్తే ఇది అబద్ధమైతది.

మా చుట్టు కంపెనీలు వచ్చినంక ఊర్ల కిరాయి రూములు లేచినయి. ఒడిశా నుంచి, బీహార్ నుంచి వచ్చిన ఆలుమొగలు అందుల ఉండి ఇద్దరూ పనికి పోతరు. పిల్లలను లోపల పెట్టి బయట గొళ్ళెం వేసి పోతుండిరి. ఒకనాడు అట్ల గొళ్ళెం వేసిన రూముల నుంచి ఏడుపు వినబడితే, మా యారాలు కిటికీల నుంచి చెయ్యి పెట్టి ఆ పిల్ల వేళ్ళు పట్టుకోని, తల్లి వచ్చేదాక అక్కడనే నిలబడ్డది. మర్నాటి నుంచి ఆ పిల్ల పగలంతా ఆమె ఇంట్లనే. నెల తిరిగేసరికి ఎనిమిది మంది అయిండ్రు, ఊరోళ్ళు ఆమె ఇంటిని బాలవాడి అనుడు మొదలుపెట్టిండ్రు.

అదే టైముల నేను మా వాడ ఆడోళ్ళతోటి కుట్టు సంఘం పెట్టిన. ఏడో తరగతి దాక సదివిన దాన్ని. ఆఫీసుల చుట్టు తిరిగి రిజిస్ట్రేషన్ చేయించిన, బోర్డు రాయించిన. ఆమెకు సంతకం పెట్టుడు తప్ప ఇంకోటి రాదు. సదువుకున్న దాన్ని కాబట్టి నా పనే పెద్దదని నేను అనుకున్న.

మా తట్టు షాపులోళ్ళు, కంపెనీలల్ల రిటైరైన ఉద్యోగులు, కిష్టారెడ్డిపేట దిక్కు అపార్టుమెంట్లల్ల ఉండెటోళ్ళు కలిసి ఒక సహాయనిధి పెట్టుకున్నరు. ఏటేటా చుట్టుపక్కల ఊర్లల్ల పనిచేసే చిన్న సంఘాలను చూసి అందులకెల్లి సాయం చేస్తరు. మొదటి ఏడు వాళ్ళు వస్తున్నరని తెలిసి నేను మిషిన్లు తుడిచి వరుసగ పెట్టిన, అందరినీ ఒకే రంగు చీరలు కట్టుకొని రమ్మన్న, చాయ తోటి సమోసలు తెప్పించిన. వాళ్ళు చూసిండ్రు, మెచ్చుకున్నరు, తిన్నరు. తర్వాత గోడ అవతలికి పోయిండ్రు. మా యారాలు లేవను గూడ లేవలే. "జెర ఆగుండ్రి సారూ, ఈ పిల్లకు కడిగి వస్త" అన్నదట. లోపల పప్పు ఒలికిపోయి ఉన్నది, ఇద్దరు పిల్లలు ఏడుస్తున్నరు. సాయం ఆమెకు ఇచ్చిండ్రు. కాగితాలు లేవంటే రిజిస్ట్రేషన్ గూడ వాళ్ళే చేయించిండ్రు. ఆ వారం నేను ఆమె తోటి మాట్లాడలే.

వాళ్ళల్ల పెద్దమనిషి ఒక రిటైర్డ్ సూపర్‌వైజర్ సారు. "మీ సంఘం సొంత కాళ్ళ మీద నిలబడ్డదమ్మా, మా సాయం లేకున్నా నడుస్తది" అన్నడు. పొగిడినట్టే అన్నడు. నాకు మాత్రం వాకిట్ల నిలబెట్టి తలుపు వేసినట్టు అనిపించింది.

ఇంకో రెండేండ్లు గట్లనే అయింది. పిల్లలు నిద్రపోయేతందుకు ఆమె ఒక ఉపాయం చేసేది. ఒక్కొక్క తల్లి పాత చున్నీ ముక్క తెప్పించుకోని, ఎవరి పిల్లకు వాళ్ళ తల్లి ముక్క చేతుల పెట్టేది. ఆ వాసనకు పిల్లలు పండుకునేది. ఆమెకు హిందీ రాదు, ఒరియా అసలే రాదు. నీళ్ళు, ఆకలి, అమ్మ, ఈ మూడు మాటలు మాత్రం అందరి భాషలల్ల నేర్చుకున్నది. "పిల్ల ఏడిస్తే ఏ భాషల ఏడుస్తున్నదని అడుగుతమా, ఎత్తుకుంటం గని" అనేది. ఈ ఉపాయం, ఈ మాట నాకు ఎందుకు తట్టలేదని మిషిన్ తొక్కుకుంట అనుకునేదాన్ని. దారం తెగేది.

నాలుగో ఏడు నేను సారు ఇంటికి పోయిన. "సారూ, నిధి మన ప్రాంతపోళ్ళ కోసం గదా. అక్కడున్న పిల్లలల్ల ఒక్కరు గూడ మన ఊరోళ్ళు గారు" అని చెప్పిన. అబద్ధం చెప్పలే. నిజాన్నే రాయి లెక్క విసిరిన.

అది తగిలింది. నిధి పెట్టినోళ్ళల్ల కొందరు గదే మాట పట్టుకున్నరు. సాయం ఆపి మీటింగు పెట్టిండ్రు. మా యారాలు పోయి వెనక కుర్చీల కూసున్నది. ఒకాయన "అన్ని సంఘాలకు సమానంగ పంచితే పేచీ ఉండది" అన్నడు. ఆమె లేచి నిలబడి, "కడుపు నిండినోనికి, నిండనోనికి ఒకే గంటె తోటి వడ్డిస్తే అది సమానమైతదా సారూ? మా ఊరి నీళ్ళు తాగుతున్నరు, మా ఊరి కంపెనీల పొగ పీలుస్తున్నరు. ఇంకేం చేస్తే ఊరోళ్ళైతరు?" అని కూసున్నది. అయినా సాయం ఆర్నెల్లు ఆగిపోయింది.

మర్నాడు పొద్దున ఆమె మా వాకిట్లకు వచ్చింది. "చెల్లె, నేను ఇంటింటికి తిరిగి బియ్యం, పప్పు అడగాలె. నేను వచ్చేదాక పిల్లలను నువ్వు పట్టుకోవాలె" అన్నది. మిషిన్ మీద గుడ్డ కప్పి ఆమె ఎంబడి పోయిన.

మూడో రోజు జ్వరమొచ్చిన పిల్ల నా ఒడిల పండుకున్నది. ఆమె బియ్యం సంచి దించుతుంటే నాకు ఆగలే. "అక్కా, సారుకు చెప్పింది నేనే" అన్న.

"తెలుసు" అన్నది.

"కోపం రాలేదా?"

"వచ్చింది. కోపానికొచ్చి నిన్ను పిలవకపోతే వీళ్ళను ఎవరు పట్టుకుంటరు? నాకు నీ చేతులు కావాలె." అని సంచి మూతి విప్పి బియ్యంల రాళ్ళు ఏరుకుంట కూసున్నది.

నన్ను మాఫ్ చేసిందా లేదా, నాకిప్పటికీ తెల్వదు. ఆమె కోపం గూడ పనికొచ్చే కోపం. నా కోపం ఎన్నడు ఒక్క పిల్లను ఎత్తుకోలే. దానికి గూడ ఓర్వలేకపోయిన.

ఆర్నెల్లకు నిధోళ్ళు ఆమె మాటకే ఒప్పుకున్నరు, సాయం మల్ల మొదలైంది. నేను మధ్యాహ్నాలు పోవుడు మానలే. తినిపించేది నేను, ఊపేది నేను. ఆమె బయటి పనికి పోయి వచ్చి గుమ్మంల కాలు పెడితే మాత్రం పిల్లలందరు నన్ను ఇడిసిపెట్టి ఉరికేది. ఆమె ఒక్కొక్కరి తల వాసన చూసి, "ఇయ్యాల ఎండల ఆడినవు", "ఇయ్యాల నీకు తలకు నూనె పెట్టలే" అనేది. నేను ఎంగిలి గిన్నెలు ఎత్తేదాన్ని.

ఆమె పోయిన ఐదొద్దులకు సారు వచ్చిండు. ఇగ ముంగట బాలవాడి నన్నే నడిపియ్యమన్నడు, సాయం నా పేరు మీదనే ఇస్తమన్నడు. ఇన్నేండ్లు నేను కోరుకున్నది గదే. సంతకం పెట్టిన. చెయ్యి సంతోషపడలే.

సోమారం పొద్దున తలుపు తీసిన. కంపెనీ యూనిఫాం వేసుకున్న ఒక తల్లి వచ్చి, మూడేండ్ల బిడ్డను నా చేతులకు ఇచ్చి బస్సుకు ఉరికింది. పిల్ల ఏడ్వలే. నా చేతుల నుంచి మెల్లగ దిగి, లోపలి అర్ర తలుపు కాడికి పోయి, నా దిక్కు వీపు పెట్టి కూసున్నది. పొద్దుగాల పిల్లలు వచ్చే యాళ్ళకు మా యారాలు ఎప్పుడూ ఆ అర్రలకెల్లే వచ్చేది. నేను పోయి ఆ పిల్ల వెనకనే కూసున్న. ఇద్దరం ఆ తలుపు దిక్కే చూసుకుంట శానాసేపు కూసున్నం.