నాలుగో నంబరు కారం

మా డైరెక్టరు గారు చైనా వెళ్లి పది రోజులుండి వచ్చారు. శాస్త్రవేత్తల సదస్సుకని వెళ్లారు. సదస్సులో ఏం జరిగిందో ఆయన చెప్పలేదు, మేమూ అడగలేదు. తిరిగొచ్చిన సోమవారం మీటింగులో ముప్పావుగంట సేపు మాట్లాడింది మాత్రం ఒక గిన్నెడు నూడుల్స్ గురించి.

అక్కడ ఏదో హోటల్లో కూర్చోగానే చీటీ ఇస్తారట. నూడుల్స్ లావువా సన్నవా, కూరల్లో ఏవేవి, కోడి ముక్కలా గుడ్డా, పులుపెంత, కారమెంత, అన్నీ మనమే టిక్కు పెట్టాలట. ఎవరి చీటీ ప్రకారం వాళ్లకు వేరే గిన్నెలో, పొగలు కక్కే ఎర్రటి పులుసులో వేసి తెస్తారట. "ఎవరికి కావలసింది వాళ్లు ఎంచుకుంటున్నారండీ. శాస్త్రీయ దృక్పథం అంటే అదీ. ఇక శుక్రవారాలు మనమూ అదే పెడదాం. మన క్యాంటీన్లో ఏముంది? పప్పుచారు పోస్తే తల వంచుకుని తినేయడమే కదా" అన్నారు. అందరూ తల వంచుకునే విన్నారు.

ఇది తొంభైల మొదట్లో మాట. నాచారం ఫ్యాక్టరీల వెనక ఒక చిన్న ప్రభుత్వ పరిశోధనశాల ఉండేది, తర్వాత వేరే ఊరికి తరలించారు. నేనందులో టెక్నికల్ అసిస్టెంటును. ఎవరూ ముందుకు రాని పదవి కాబట్టి క్యాంటీన్ కమిటీ సెక్రెటరీని కూడా నేనే. ఉల్లిగడ్డలు కుళ్లినా నన్నే పిలిచేవారు, సాంబారులో ఈగ పడినా నన్నే పిలిచేవారు.

క్యాంటీన్లో వంట మొత్తం ఒక్క మనిషి మీద నడిచేది. ఘట్‌కేసర్ అవతల పల్లె నుంచి వచ్చి, నాచారంలో చర్చి వెనక గదిలో ఉండేది. పదకొండేళ్లుగా రోజుకూలి మీదే వండుతోంది. చిన్నా పెద్దా అందరం అక్క అనేవాళ్లం. డైరెక్టరు గారు మాత్రం ఏమీ అనేవారు కాదు, ఆమెను పిలవాల్సిన అవసరం ఆయనకెప్పుడూ రాలేదు.

నాకు కడుపులో పుండు. ప్లేటు పట్టుకుని నిలబడితే అక్క చారు కదపకుండా పైనుంచి తేట మాత్రం పోసేది. స్టోర్స్ ఆఫీసరుకు షుగరు, ఆయనకు అన్నం ఒక గరిటె తగ్గేది. డైరెక్టరు గారి గదికి వెళ్లే క్యారియర్లో పచ్చడి ఉండేది కాదు. ఇవేవీ ఆమెకు ఎవరూ చెప్పలేదు. తిన్నాక వచ్చిన ఎంగిలి ప్లేట్లలో ఎవరు ఏం వదిలేశారో చూసి నేర్చుకుంది. మా ఇళ్లలో వాళ్లకు కూడా అంత తెలిసి ఉండదు.

ఆ ఏడు వంటమనిషికి పర్మినెంటు పోస్టు ఒకటి మంజూరైంది. అది అక్కదే అనుకున్నాం. మా అడ్మినిస్ట్రేటివ్ ఆఫీసరు అలా అనుకోలేదు. హబ్సిగూడలో చైనీస్ బండి పెట్టినతను ఆయనకు బాగా తెలుసు. "ఆవిడకి పప్పు తప్ప ఏమొచ్చండీ? తమరు కోరినట్టు చెయ్యాలంటే చెయ్యి తిరిగినవాడు కావాలి" అని డైరెక్టరు గారి చెవిలో ఊదాడు. దాంతో డైరెక్టరు గారు ఒక పరీక్ష పెట్టారు. శుక్రవారం మధ్యాహ్నం కమిటీ వాళ్లు, సెక్షన్ హెడ్లు కలిసి ఇరవై ఇద్దరికి అక్క ఆ చైనా నూడుల్స్ చేసి పెట్టాలి. కుదిరితే పోస్టు ఆమెకు, కుదరకపోతే బండి అతనికి.

ఫారం తయారుచేసే పని నాకు పడింది. కారానికి నాలుగు గళ్లు: ఒకటి అంటే చప్పన, నాలుగు అంటే నిప్పు. మూడుసార్లు దిద్దించి, ఇంగ్లీషులో టైపు చేయించి, స్టెన్సిల్ కొట్టించారు. అక్కకు ఇంగ్లీషు రాదు కాబట్టి పక్కన కూర్చుని చదివి వినిపించాను.

"ఇన్ని గళ్లెందుకు సారూ? ఏం కావాలెనో నోటితోని చెప్పరా?" అంది.

"పెద్దసారు హుకుం అక్కా. నీ నౌకరు దీని మీదనే ఉన్నది" అన్నాను.

"గట్లనా" అని ఫారం మడిచి జాకెట్లో పెట్టుకుంది.

డైరెక్టరు గారు చైనా నుంచి తెచ్చిన మిరియాల పొట్లం ఒకటి ఇచ్చారు. అక్క ఒక గింజ కొరికి, నోరు తెరిచి కాసేపు అలాగే ఉండిపోయింది. "నాలిక మొద్దువారింది సారూ. పన్ను పీకెతందుకు సూది ఇస్తరు సూడుండ్రి, గట్లనే ఉన్నది" అంది. అయినా వదల్లేదు. నాలుగు సాయంత్రాలు డ్యూటీ అయ్యాక ఆగి, కోడి ఎముకలు ఉడకబెట్టి, ఎండుమిరపకాయలు, వెల్లుల్లి, అల్లం నూనెలో వేయించి, ఆ మిరియాలు దంచి వేసి రుచి చూసుకుంది. నాలుగోనాడు నాకో చెంచాడు ఇచ్చింది. చైనా ఎలా ఉంటుందో నాకు తెలియదు గానీ, రెండో చెంచా అడిగాను. ఇవ్వలేదు. మీకు కడుపుల పుండున్నది, వద్దు అంది.

బుధవారం పొద్దున ఫారాలు పంచాను. సాయంత్రానికి ఒక్కటీ తిరిగి రాలేదు. ఫోన్లు మాత్రం వచ్చాయి. ఒక్కొక్కరూ ఏదో పని మీద చేసినట్టు చేసి, చివర్లో గొంతు తగ్గించి అడిగేవారు, "పెద్దాయన ఏం పెట్టారండీ?" నాకు తెలియదంటే నమ్మేవారు కాదు. వీళ్లందరూ పెద్ద చదువులు చదివినవాళ్లు. తమ కడుపులోకి ఏం పోవాలో రాయడానికి పైవాడి ఫారం కోసం రెండు రోజులు కాచుకుని కూర్చున్నారు.

గురువారం మధ్యాహ్నం డైరెక్టరు గారి ఫారం వచ్చింది. లావు నూడుల్స్, కూరలన్నీ, కోడి ముక్కలు, పులుపు రెండు, కారం నాలుగు. ఆయన పి.ఏ. ద్వారా సంగతి ఎలా పాకిందో గానీ, అరగంటలో మిగతావన్నీ నా బల్ల మీద ఉన్నాయి. అన్నీ అవే. రెండు డాక్టరేట్లున్న ఒకాయన, డైరెక్టరు గారి టిక్కు గడి దాటి కాస్త పక్కకు పోయిందని తనదీ అంతే పక్కకు పోనిచ్చాడు. మా అకౌంట్స్ ఆఫీసరు ఉల్లిపాయ కూడా ముట్టనివాడు. ఆయనా కోడి ముక్కలకు టిక్కు పెట్టి, పక్కనే చిన్న అక్షరాల్లో ముక్కలు వద్దు అని రాశాడు. అది చదివి నేను గదిలో ఒక్కణ్నే నవ్వుకున్నాను. వీళ్ల వెన్నులో ఎముక ఉందా అనుకున్నాను.

ఆ కట్ట పట్టుకెళ్లి అక్కకు ఒక్కొక్కటే చదివాను.

"పెద్దసారుకు నాలుగా? మామిడికాయ తొక్కు గూడ ముట్టడు గద ఆ సారు" అంది.

"రాసింది గదే అక్కా."

"షుగరు సారుకు లావు నూడుల్సా?"

"అందరిది ఒక్కటే."

"మీది సదువలే సారూ. మీదేంది?"

నా ఫారం కట్టలో అడుగున ఉంది. నాదీ నాలుగే. కమిటీ సెక్రెటరీని, నా ఒక్కడిదే ఒకటి ఉంటే ఎబ్బెట్టుగా ఉంటుందనిపించింది. ఆ మాటే చెప్పాను. అక్క క్యాబేజీ కోయడానికి లేచింది.

శుక్రవారం నేను జేబులో కడుపుమంట బిళ్లలు రెండు వేసుకుని వెళ్లాను. పొడవాటి బల్ల మీద తెల్ల గుడ్డ పరిచారు. అక్క ఒక్కో గిన్నె తనే తెచ్చి ఎవరిది వాళ్ల ముందు పెట్టింది. పైన తేలుతున్న ఎర్ర నూనె చూడగానే జేబులో బిళ్లలు తడుముకున్నాను. దేవుడా అనుకుని ఒక చెంచా నోట్లో పెట్టుకున్నాను. వెచ్చగా, అల్లం వాసనతో, కమ్మగా గొంతు దిగింది. ఆ ఎరుపు రంగే, అందులో మంట లేదు. అది ఒకటో నంబరు.

తల ఎత్తి చూస్తే ఇరవై మంది బుసలు కొడుతున్నారు. అకౌంట్స్ ఆఫీసరు, కోడీ లేదు ఉల్లీ లేదు, వట్టి కూరల నీళ్లలాంటి గిన్నె ముందు పెట్టుకుని, "మండిపోతోందండీ బాబూ" అంటూ కండువాతో మెడ తుడుచుకుంటున్నాడు. స్టోర్స్ ఆఫీసరు గిన్నెలో నూడుల్స్ నాలుగు పోగులే ఉన్నాయి, మిగతాదంతా కూర. ఆయన మంచినీళ్లు రెండో గ్లాసు అడిగాడు. డైరెక్టరు గారు చెంచా గాల్లోకి ఎత్తి, "అచ్చం అదే రుచి. నాలుగంటే ఇదీ" అన్నారు. నా గిన్నెలో ఉన్నంత ఎర్ర నూనె కూడా ఆయన గిన్నెలో లేదు. "నాలుగే సార్, అనుమానం లేదు" అని అందరూ కళ్లు తుడుచుకున్నారు. అంత మంది పెద్దమనుషులు చప్పటి పులుసు తాగి కారానికి ఏడుస్తుంటే చూడటం నా జన్మలో అదే మొదలు, అదే చివర. వాళ్ల మీద నాకు రోత పుట్టింది. ఆ రోతతోనే నేనూ హా హా అని నాలుక బయటపెట్టి ఊదుకున్నాను.

పోస్టు సంగతి తేల్చే మీటింగుకు ముందు వంటింట్లోకి వెళ్లాను. అక్క వెనక మెట్ల మీద కూర్చుని గిన్నె ఒళ్లో పెట్టుకుని తింటోంది. అది ఒక్కటే అసలైన నాలుగు. నల్లగా, ఎర్రగా, ఘాటు దూరానికే తగులుతోంది. ఆమె నుదుటి మీద చెమట చుక్క లేదు.

"ఏందక్కా ఇది? ఎవ్వలకు రాసింది ఎయ్యలేదు" అన్నాను.

"రాసింది ఏస్తె రేపు సగం మంది దవాఖానాల ఉంటుండె. పెద్దసారు ముందుగాల ఉంటుండె" అంది. చెంచా పక్కన పెట్టి, "తప్పయితే నౌకరు పోతది, నాకెరుకే. అడిగితె ఉన్నదున్నట్టు చెప్పుండ్రి సారూ. ఎవ్వలకు ఏం పడ్తదో పదకొండేండ్ల సంది దానికి ఎరుకే, గట్లనే ఏసింది అని చెప్పుండ్రి. గంతే" అంది.

చెప్తానన్నాను.

డైరెక్టరు గారి గదిలో అందరూ తృప్తిగా కూర్చున్నారు. అడ్మినిస్ట్రేటివ్ ఆఫీసరు ఒక్కడే ముఖం ముడుచుకుని, "ఆవిడ ఫారం ప్రకారమే చేసిందా అసలు?" అని నన్నడిగాడు. ఇరవై ముఖాలు నా వైపు తిరిగాయి. ఉన్నదున్నట్టు చెప్పడమంటే, మీరు తిన్నది ఒకటో నంబరు, ఏడ్చింది అబద్ధం అని డైరెక్టరు గారి ముఖం మీద చెప్పడం. అక్కకు మేలు చేస్తున్నాననే నాకు నేను చెప్పుకున్నాను.

"ఫారం ప్రకారమే సార్. పొల్లు పోకుండా చేసింది" అన్నాను.

డైరెక్టరు గారు బల్ల మీద చరిచారు. "చూశారా? చదువు లేని మనిషి చేత కూడా చేయించగలిగాం. ఫారం సరిగ్గా ఉంటే వండేది ఎవరైనా ఒకటే. ఇది పద్ధతి గొప్పతనం."

అడ్మినిస్ట్రేటివ్ ఆఫీసరు ముఖం విచ్చుకుంది. "నిజమే సార్. ఎవరైనా ఒకటే అయినప్పుడు, చైనీస్ అనుభవం ఉన్నవాణ్ని తీసుకోవడమే సబబు కదా."

అవునన్నట్టు అందరూ తలలూపారు. నా చేతిలో మంచినీళ్ల గ్లాసుంది. నోరు తెరిచాను, నీళ్లు తాగాను. ఆ మీటింగు మినిట్స్ రాసింది నేనే. ఫారం రూపకల్పనకు నాకో ప్రశంసాపత్రం కూడా ఇచ్చారు, అది నా సర్వీసు ఫైల్లో చివరిదాకా ఉంది.

బండి అతను వచ్చిన మొదటి శుక్రవారం ఫారాలు చూసి నిజంగానే ఇరవై రెండు నాలుగులు వండాడు. అతని తప్పేం లేదు, రాసింది వేశాడు. డైరెక్టరు గారు మూడు రోజులు రాలేదు. వైరల్ ఫీవరన్నారు. నెల తిరక్కుండా ఫారాలు స్టోర్స్‌లో చేరాయి, చైనా సంగతి ఎవరూ ఎత్తలేదు, మళ్లీ పప్పుచారు మొదలైంది. అది అందరికీ ఒకే రకంగా ఉండేది.

అక్క ఆ మినిట్స్ తర్వాత రాలేదు. ఏడెనిమిది నెలలకు ఉప్పల్ చౌరస్తాలో వరంగల్ బస్సులు ఆగేచోట ఒక బండి ముందు జనం కనిపించారు. పెద్ద గిన్నెలో ఎర్రటి పులుసు, పక్కన నూడుల్స్, తరిగిన క్యాబేజీ, ఉడికిన గుడ్లు. గరిటె పట్టుకుని అక్క. నా ముందున్న కండక్టరుకు ఏమీ అడక్కుండానే గుడ్డు తీసేసి, నిమ్మకాయ పిండి ఇచ్చింది. అతను ఎందుకని అడక్కుండానే తిన్నాడు. ఆ వెనకున్న ముసలాయనకు నూడుల్స్ చిన్నచిన్నగా తుంపి వేసింది.

నా వంతు వచ్చింది. నన్ను గుర్తుపట్టింది. గరిటె ఎత్తి ఆగింది.

"కారం ఎంత ఎయ్యాలె సారూ? ఒకటా, నాలుగా?"

పదకొండేళ్లలో ఆ ప్రశ్న ఆమె నన్నెప్పుడూ అడగలేదు.

"నీకెరుక లేదా అక్కా" అన్నాను.

"చెప్పింది ఏస్త సారూ. ఫారం ప్రకారమే ఏసిన అని మీరే చెప్పిన్రట గద" అంది. గొంతులో కోపం లేదు. వెనక జనం ఉన్నారు, ఆమె గరిటె పట్టుకుని నా జవాబు కోసం చూస్తూ నిలబడింది.

ఒకటి అన్నాను. ఒకటి వేసి ఇచ్చింది.