గీతకు అటువైపు కురుమూర్తి

కాలేజీలో ఇరవై రెండేళ్లు రాజనీతిశాస్త్రం చెప్పాను. బోర్డు మధ్యలో గీత గీసి ఇటు ఉదారవాదులు, అటు సంప్రదాయవాదులు అని రాసేవాణ్ని. మా ఊరు గట్టులో పొరుగు చేను కురుమూర్తిని మరో ఆలోచన లేకుండా అటు పడేశాను. పడేయక ఏం చేయను? చేలోకి చెప్పులతో అడుగు పెడితే తిడతాడు. శనివారం ఒక్కపొద్దు. హోటల్లో చాయ్ ముట్టడు. తన కులం కానివాళ్ల పెళ్లికి పిలిచినా పోడు. ఏ కాలం మనిషిరా నాయనా అని ఎన్నిసార్లు విసుక్కున్నానో!

నేనైతే, సభ ఎక్కడుంటే అక్కడ మైకు నాదే. సమానత్వం మీద గంటసేపు దంచేవాణ్ని.

మొన్నటి ఆగస్టులో నాలుగు రోజులు ముసురు పట్టింది. మా ఇద్దరి చేలల్లో కూలి చేసే బాలమణి ఒకరోజు తెల్లారేసరికి చనిపోయింది. వాళ్లు క్రైస్తవులు. వాగు ఒడ్డున ఉన్న వాళ్ల సమాధుల జాగా నీళ్లలో మునిగింది. మధ్యాహ్నం ఆమె కూతురు రోజా తడుస్తూ మా ఇంటికొచ్చింది.

"సారూ, మీ చెల్క మెరకల ఉన్నది. అమ్మకు జర జాగ ఇయ్యుండ్రి. పొద్దుగూకేలోపు మట్టి చెయ్యాలె."

నా చెల్క, అదే మెట్ట చేను, రోడ్డు పక్కనుంది. ప్లాట్లు చేద్దామనుకుంటున్నాను. సమాధి ఉంటే ఎవడు కొంటాడు? "ఇంట్ల అడిగి చెప్తనమ్మా" అన్నాను. ఇంట్లో అడగడానికి ఆ రోజు నేను తప్ప ఎవరూ లేరు. ఛీ, ఇప్పటికీ తలచుకుంటే సిగ్గేస్తుంది.

రోజా కురుమూర్తి ఇంటికి నడిచింది. ఉండబట్టలేక నేనూ వెనకాలే వెళ్లాను. అరుగు మీదున్న కురుమూర్తి అంతా విని పార అందుకున్నాడు.

"పోయినోళ్లకు జాగ లేదనొద్దని మా నాయిన చెప్పిండు. పెద్దల మాట దాటుతనా? నడువు బిడ్డా."

పూత మీదున్న వేరుశనగను తన చేత్తోనే పీకి పక్కన పెట్టాడు. మొదటి పార మట్టి ఆయనే తీశాడు. శవాన్ని మోసుకొస్తున్నవాళ్లను కూడా వదల్లేదు. "ఏయ్, చెప్పులు ఇడిషి రాండ్రి!" అని అరిచాడు. అంతా గట్టు మీద చెప్పులు విడిచారు. పాస్టరు ప్రార్థన చేస్తుంటే కురుమూర్తి వానలో చేతులు జోడించి నిలబడ్డాడు.

"దున్నేటప్పుడు ఎట్ల తాతా?" అని రోజా ఏడ్చింది.

"నాలుగు దిక్కుల రాళ్లు పాతుత. నా కొడుకులకు గూడ చెప్త. ఇటు నాగలి రాదు. నేనైతే తానం చెయ్యకుంట ఇంట్లకు పోను, మీ ఇంట్ల తినను. తప్పు పట్టకు."

"పట్టను తాతా" అంది.

"కురుమూర్తన్నా, నువ్వు మస్తు మారినవ్" అన్నాను.

ఆయనకు కోపమొచ్చింది. "నేనేం మారలె సారూ! ఎప్పుడెట్లున్ననో గట్లనే ఉన్న."

ఎంత మనిషి! పాతికేళ్లు పక్క చేలో ఉండి కూడా ఆయన్ను చూడలేకపోయాను. అందరూ ఒక్కొక్కరే వచ్చి బాలమణి మీద మట్టి వేస్తున్నారు. నేనూ వంగి పిడికెడు తీసుకున్నాను. అదీ కురుమూర్తి మట్టే.