పెట్టె ఎదురింట్లో, ఓడ రేవులో

ఆ రోజుల్లో మా నర్సీపట్నంలో మనిషి గొప్పతనమంతా వాడు ఎక్కిన బండిని బట్టి ఉండేది. బస్సెక్కి అనకాపల్లి వెళ్ళొచ్చినవాణ్ణి ఎవరూ పట్టించుకునేవారు కాదు. రైలెక్కి మద్రాసు వెళ్ళొచ్చినవాడికి టీ ఇప్పించి మరీ కబుర్లు చెప్పించుకునేవారు. మరి ఓడెక్కబోయేవాడి సంగతి? అది తెలుసుకునే అదృష్టం మా ఇంటికే పట్టింది, అదీ నాకు కాదు, మా బావకి. కోటవురట్లలో ఉండే మా మేనత్త కొడుకు. నాకంటే కొన్ని నెలలే పెద్ద, నాలాగే బీకాం, మార్కులు మాత్రం నాకంటే తక్కువ (ఈ సంగతి ఎవరడిగినా చెబుతాను, అడక్కపోయినా చెబుతాను). వాడికి పోర్టుబ్లెయిర్లో కలప డిపోలో గుమాస్తా ఉద్యోగం దొరికింది. నాకు ఎక్కడా ఏదీ దొరకలేదు.

బస్సులకు వీలుగా ఉంటుందని వాడు ముందుగానే మా ఇంట్లో దిగాడు. ఆ రోజు నుంచి నా మంచం వాడిదైపోయింది, చాప నాదైంది. మా నానమ్మ, అంటే వాడి అమ్మమ్మ, కోడి కూర వండితే కాళ్ళు రెండూ వాడి కంచంలోనే వేసేది. "సముద్రం మీద ఏటి తింటాడో ఏటో, తిన్నీరా" అనేది. వీధిలో వాళ్ళంతా వచ్చి వాణ్ణి చూసి, ఆ తర్వాత నావైపు తిరిగి "మరి నువ్వేటి సేస్తున్నావు బాబూ?" అని అడిగి వెళ్ళేవారు. కడుపులో మంటకి మజ్జిగ తాగేవాణ్ణి. తగ్గేది కాదు.

ఓడ విశాఖపట్నంలో గురువారం మధ్యాహ్నం బయల్దేరుతుంది. రేవుకి ఎప్పుడు చేరాలన్నదే ఇంట్లో తగువు. గురువారం తెల్లవారి మొదటి బస్సు చాలన్నాడు నాన్న. గురువారం ప్రయాణం అసలు పనికిరాదంది నానమ్మ. చివరికి మా వైపు పద్ధతి ప్రకారం రాజీ కుదిరింది: మంచి రోజున ప్రస్థానం పెట్టేస్తే, అంటే సామాను గడప దాటించి వేరే ఇంట్లో ఉంచేస్తే, మనిషి కూడా బయల్దేరినట్టే లెక్క. ఆ తర్వాత ఎప్పుడు వెళ్ళినా దోషం ఉండదు. సోమవారం మంచి ఘడియలో బావ ట్రంకుపెట్టె ఎదురింటి కండక్టరుగారింట్లో పెట్టొచ్చాం. మోసింది నేనే. టిక్కెట్టు కూడా ఆ పెట్టెలోనే ఉంది.

బుధవారం పొద్దున్న బావ బజారుకెళ్ళి ముఖం పాలిపోయి తిరిగొచ్చాడు. "మావయ్యా, ముందురోజే రేవుకాడ పడుకోకపోతే ఓడెక్కనీరంట! ఇయ్యాలే ఎలిపోదాం." నాన్న సరేనన్నాడు. పెట్టె తెద్దామని వెళ్తే ఎదురింటికి తాళం. మేం బయల్దేరేది గురువారమే కదా అని కండక్టరుగారి కుటుంబమంతా నక్కపల్లిలో పెళ్ళికి వెళ్ళిందట, రాత్రికి గానీ రాదట. తాళం పగలగొడదామన్నాడు నాన్న.

నానమ్మ గడపకి అడ్డంగా నిలబడింది. "ప్రస్థానం పెట్టిన ఇంటి తాళం బద్దలుకొడతావేటి? సముద్రం మీదెల్లే గుంటడురా! ఓడ పోతే పోనీ, మళ్ళీ నెలకొస్తాది కదేటి. అందాకా మనకాడే ఉంతాడు. ఆదివారం కోడిని కోద్దాం."

ఇంకో నెల! ఇంకో నెల ఆ చాప, ఆ ప్రశ్నలు, ఆ కోడికాళ్ళు! వెంటనే సైకిలు తీశాను. నక్కపల్లి దాకా ఎదురుగాలిలో ఎలా తొక్కానో ఆ దేవుడికి తెలియాలి. ఉద్యోగానికి ఇంటర్వ్యూ అన్నా అంత వేగంగా వెళ్ళి ఉండను. పెళ్ళింట్లో కండక్టరుగారి భార్య నన్ను చూసి "రేపు కదేటి మీ పయనం?" అని నివ్వెరపోయి, కొంగున కట్టుకున్న తాళంచెవి విప్పి ఇచ్చింది. పెడుతున్న భోజనమైనా తినకుండా వెనక్కి తిరిగాను.

చెమటతో తడిసి ఇంటికొచ్చేసరికి నానమ్మ నా బుగ్గలు నిమిరి మెటికలు విరిచింది. "బావంటే ఎంత ప్రేమరా నీకు! నేనే నిన్ను సరిగ్గా ఎరగలేదు." బావ కళ్ళు తుడుచుకున్నాడు. ఆ ప్రేమకి బహుమానంగా, వాణ్ణి ఓడెక్కించి రమ్మని నన్నే తోడు పంపారు.

గురువారం పొద్దున్నే రేవు గేటు దగ్గర చూస్తే, రాత్రంతా అక్కడ కాపలా కాసింది మేమిద్దరమే. మిగతావాళ్ళంతా తీరిగ్గా ఇడ్లీలు తిని వచ్చారు. లోపలికి వెళ్ళాక ఓడ కనిపించింది. కాస్త చిన్నదైతే బాగుండునని దారంతా అనుకున్నాను. అది మా మెయిన్ రోడ్డంత పొడవుంది. సద్దుమణిగిన కుళ్ళంతా మళ్ళీ గొంతుదాకా వచ్చింది.

మెట్ల దగ్గర బావ నా చెయ్యి పట్టుకున్నాడు. "నిన్ను సూస్తే కుళ్ళుగా ఉందిరా బామ్మర్దీ" అన్నాడు. "రేత్రికి నువ్వు అమ్మమ్మ సేతి అన్నం తింటావు. నాకక్కడ ఎవురున్నారు సెప్పు?" సమాధానం కోసం చూడకుండా ఎక్కేశాడు. పైనుంచి చెయ్యి ఊపుతున్నవాళ్ళలో వాడెవడో నేను పోల్చుకోలేకపోయాను, అయినా అందరికీ కలిపి ఊపాను.

ఆ తర్వాత నాకూ ఉద్యోగం వచ్చింది, పెళ్ళయింది, జుట్టు నెరిసింది. ఇంత జీవితంలో నన్ను చూసి అసూయపడ్డానని ముఖం మీద చెప్పిన మనిషి మాత్రం వాడొక్కడే. అంత అపురూపమైనవాణ్ణి ఇంకో నెల ఇంట్లో ఉంచుకోవడం చేతకాక, పిక్కలు పట్టేసేలా సైకిలు తొక్కి మరీ సాగనంపాను. ఆ సైకిలు తొక్కిన కుర్రవాడు, అంటే అప్పటి నేను, ఇప్పుడు కనిపిస్తే "చాప మీదే పడుకో నాయనా, ఏం కొంప మునగదు" అని చెప్పాలనుంది. చెప్పినా వినడు, నాకు తెలుసు.