నా కాన్పు ఎలా జరిగిందో కనుక్కోవడానికి గోదావరి దాటాను

ఇది గోదావరి అందాలు చూడ్డానికి చేసిన ప్రయాణం కాదు. దగ్గినా, తుమ్మినా, పిల్లని ఎత్తుకున్నా నాకు మూత్రం చుక్కలు పడతాయి. పాప పుట్టిన దగ్గర్నుంచీ, అంటే నాలుగేళ్ళుగా ఇదే బాధ. బళ్ళో పాఠం మధ్యలో తుమ్ము వస్తే బల్ల పట్టుకుని కదలకుండా నిలబడిపోతాను. కిందటి నెల రాజమండ్రిలో ఒక ఫిజియోథెరపిస్టు గారి దగ్గరికి వెళితే ఆవిడ మొదట అడిగింది ఇదీ: "పాప ఎలా పుట్టిందండీ? మీరు తోస్తే వచ్చిందా, తలకి వాక్యూమ్ కప్పు పెట్టి లాగారా, ఫోర్సెప్స్ వేశారా? ఎంతసేపు తోశారు?" నాకు తెలీదు. అప్పుడు సగం స్పృహలో ఉన్నాను. డిశ్చార్జి కాగితంలో చూస్తే 'నార్మల్' అని ఒక్క మాట ఉంది. అది తెలిస్తే ఏ కండరం దెబ్బతిందో వెతకడం తేలికవుతుందని ఆవిడ అన్నారు. అందుకని శనివారం పాపని అమ్మ దగ్గర వదిలి, కాన్పు జరిగిన నర్సింగ్ హోముకి బయల్దేరాను. అది కొవ్వూరు అవతల ఒక చిన్న ఊళ్ళో ఉంది. ఊరి పేరు మాత్రం రాయను.

ఉదయం ఏడున్నరకి రాజమండ్రిలో బస్సెక్కితే ఎనిమిది దాటాక కొవ్వూరులో దిగాను. నా లాంటి ఇబ్బంది ఉన్నవాళ్ళు నది మీద గాలిని కాదు, దిగగానే మరుగుదొడ్డి ఉందా అని చూసుకుంటారు. ఉంది, తాళం వేసి ఉంది. "తాళం ఎవరి దగ్గరుందండీ?" అని అడిగితే, "టిఫినుకెళ్ళారండి, వచ్చేస్తారు" అన్నాడొకాయన తీరిగ్గా. ఆడవాళ్ళ అవసరం ఎవరిదో టిఫిను అయ్యేదాకా ఆగుతుందా? ఒళ్ళు మండిపోయింది. ఎదురుగా హోటల్లో పెసరట్టు వేస్తున్న ఆవిడ నా మొహం చూసి, "లోపలికెళ్ళండమ్మా, దానికి అడగడం ఏంటండీ" అంది. ఆకలి లేకపోయినా ఆవిడ కోసం ఒక పెసరట్టు తిన్నాను.

అక్కడి నుంచి రానూపోనూ ఆరు వందలకి ఆటో మాట్లాడుకున్నాను. డ్రైవరు సూరిబాబు దారిలో పశువుల ఆసుపత్రి ముందు ఆపి, "అయిదు నిమిషాలండీ, మా గేదెకి మందు తీసుకోవాలి" అన్నాడు. నేనూ దిగాను. లోపల ఒక డాక్టరమ్మ ఉంది, చిన్న వయసే. సూరిబాబు గేదె ఈనిన దగ్గర్నుంచీ, పడుకున్నప్పుడల్లా గర్భసంచి జారుతోందట.

"దూడ దానంతటది వచ్చిందా, లాగారా?" అని అడిగిందామె.

"ఇద్దరం పట్టుకుని లాగామండి."

"ఎంతసేపు?"

"గంట పైనేనండి."

అంతా రాసుకుంది. వెనక్కాళ్ళ వైపు నేల ఎత్తు చెయ్యమంది, మేత కొంచెం కొంచెంగా పెట్టమంది. గేదె గురించి అడిగినన్ని ప్రశ్నలు ఈ నాలుగేళ్ళలో ఆ ఫిజియోథెరపిస్టు గారు తప్ప నన్నెవరూ అడగలేదు. ఆ మాటే ఆమెతో అనేశాను. ఆమె నవ్వలేదు. "పరిశోధనల్లో ఎలుకల మీదా గొర్రెల మీదా ఇవే చూస్తారండీ, అదీ ఆడవాళ్ళ కోసమే. మామూలుగా కన్నదా, కోసి తీశారా అన్నది రాసుకుని, గర్భసంచినీ మూత్రసంచినీ కింద నుంచి మోసే కండరాలు ఎలా ఉన్నాయో పోల్చి చూస్తారు. చూలుతో ఉన్నప్పుడే ఎలుకకి ఆ కండరాలు సాగడానికి సిద్ధమవుతాయి. అంతకు మించి సాగితే దెబ్బతింటాయి. కోసి తీస్తే ఆ దెబ్బ తప్పొచ్చు కానీ, కడుపు మోసిన బరువు తప్పదు కదండీ. నాలుగు కాళ్ళ జీవికి వర్తించిందంతా మనకి వర్తించదనుకోండి" అంది. అంటే నా కోసం కోతకెళ్ళిన ఎలుకకి కూడా అది ఎలా కన్నదో రాసిన కాగితం ఉంది. నాకు లేదు.

పదిన్నరకి నర్సింగ్ హోములో ఉన్నాను. కౌంటరులో ఆయన అరగంట నిలబెట్టి రిజిస్టరు తీశాడు. పాప బరువు ఉంది, పుట్టిన నిమిషం ఉంది, మా ఆయన పేరు మూడు చోట్ల ఉంది. కాన్పు గడిలో 'నార్మల్' ఉంది. "తల్లీపిల్లా బాగానే ఉన్నారు కదండీ, ఇంకేం కావాలి?" అన్నాడు. బాగానే ఉన్నానని ఎవరు చెప్పారు నీకు, అని హాలంతా వినపడేలా అరిచాను. అరిచినందుకు చుక్కలు కూడా పడ్డాయి. ఏడుపొచ్చింది.

మెట్ల దగ్గర ఆయా వచ్చి చెయ్యి పట్టుకుంది. ఆవిడని మార్తమ్మ గారని పిలుస్తాను, అసలు పేరు రాస్తే ఉద్యోగం పోతుంది. "మిమ్మల్ని మర్చిపోలేదమ్మా. ఆ రోజు మీ కాళ్ళు పట్టుకుంది నేనే. చర్చి నుంచి తిన్నగా డ్యూటీకొచ్చాను. నేనొచ్చేసరికే తెల్లారి నుంచి తోస్తున్నారు మీరు. కప్పు రెండుసార్లు జారిపోతే మూడోసారి లాగారు. చాలా కష్టపడ్డారమ్మా" అంది. నాలుగేళ్ళలో ఆ చివరి మాట నాతో అన్న మొదటి మనిషి ఆవిడే. డిశ్చార్జి కాగితం మోకాలి మీద పెట్టుకుని, 'నార్మల్' కింద ఆవిడ చెప్పిందంతా నా పెన్నుతో రాసుకున్నాను.

తిరుగు దారిలో సూరిబాబుకి జరిగింది చెప్పాను. "మా ఆవిడ కూడా దగ్గు వస్తే పొయ్యి దగ్గర నుంచి లేచి బయటికెళ్తుందండి. కాన్పయిన ఇరవయ్యో రోజునే గడ్డి మోపెత్తింది" అన్నాడు. గేదెకి కాళ్ళ కింద మట్టి ఎత్తు చేస్తావు, ఆవిడకి ఏం చేశావని అడిగేశాను. కొవ్వూరులో దిగాక ఫిజియోథెరపిస్టు గారి నంబరు అడిగి తీసుకున్నాడు.

ఈ ప్రయాణంతో నా ఒంట్లో ఏదీ బాగుపడలేదు. కానీ ఇన్నాళ్ళూ నాలోనే ఏదో లోపముందని సిగ్గుపడ్డాను. మూడుసార్లు లాగితే దెబ్బతిన్న కండరానికి సిగ్గుపడాల్సింది నేను కాదు. సోమవారం ఆ కాగితం ఫిజియోథెరపిస్టు గారికి చూపించి, ఆవిడ చెప్పిన వ్యాయామం మొదలుపెట్టాను.

ఇలా వెళ్ళాలనుకునేవాళ్ళకి ఒకే సలహా: పొద్దున్నే వెళ్ళండి, రిజిస్టరు దగ్గర ఆగిపోకుండా ఆ రోజు డ్యూటీలో ఉన్న ఆయా ఎవరో అడగండి. ఇంకా కాన్పు కాని వాళ్ళయితే, బిడ్డ ఎలా బయటికొచ్చిందో కాగితం మీద రాయించుకోకుండా ఆసుపత్రి మెట్లు దిగకండి.